చిన్న మెదడు – నడక, నిలకడ

షార్జాలోని రోలా నుండి నీటి వైపు కొద్ది దూరం నడిస్తే ఖోర్ అని పిలిచే సముద్రపు పాయ కనిపిస్తుంది. ఈ పాయ ఒడ్డున ఎంతో కాలంగా కొయ్యతో కట్టిన సరుకు పడవలు ఆగుతూ వచ్చాయి. ఇటువంటి పడవకూ గట్టుకూ నడుమ ఒక పలక వేస్తారు. భుజాన మూట పెట్టుకొని మనిషి ఆ పలక మీదుగా దాటిపోతాడు. అతని బరువుకు పలక క్రిందికి వంగుతుంది. అల వచ్చినప్పుడు పడవ ఊగుతుంది, దానితోపాటు పలక కొస కూడా కదులుతుంది. మూట అతణ్ణి ఒక ప్రక్కకు లాగుతూ ఉంటుంది. అయినా అలవాటైన పనివాడు తన పాదాలను చూచుకోడు. ముందు నడిచే తోటివాడితో మాట్లాడుతూనే దాటుతాడు.

మనలో ఎవరినైనా ఆ పలక మీద నిలబెడితే ఏమవుతుంది? రెండడుగులు వేసేసరికి చేతులు చాచుతాం, మోకాళ్ళు వంచుతాం, మాట ఆగిపోతుంది. అతని కాళ్ళలోనూ మన కాళ్ళలోనూ ఉన్నవి అవే ఎముకలు, అవే కండరాలు. అతని కండరాలకు బలం ఎక్కువ ఉండవచ్చు. కాని బలమే కారణమైతే పహిల్వానులందరూ తాడు మీద నడవగలగాలి గదా! అసలు తేడా చాలావరకు కాళ్ళలో లేదు. తల వెనుక భాగంలో ఉంది.

మీ మెడ వెనుకనుండి తల పైకి చేయి పోనిచ్చి చూడండి. మెడ కండరాలు ముగిసి, ఎముక గుండ్రంగా మొదలయ్యే చోటు తగులుతుంది. ఆ ఎముకకు లోపల, పెద్ద మెదడు వెనుక భాగానికి క్రిందుగా ఒక అవయవం ఉంది. శాస్త్ర గ్రంథాలలో దీనిని అనుమస్తిష్కం అంటారు. ఇంగ్లీషులో వాడే సెరిబెల్లం అనే లాటిను మాటకు కూడా చిన్న మెదడు అనే అర్థం. మన వాడుకలోనూ దీని పేరు చిన్న మెదడే.

పేరుకు చిన్నదేగాని దీనిని తక్కువగా అంచనా వేయరాదు. పెద్దవారిలో దీని బరువు సుమారు 150 గ్రాములు. అంటే మొత్తం మెదడు బరువులో ఇంచుమించు పదోవంతు. కాని 2009లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు మానవుని మెదడులోని నాడీకణాలను లెక్కగట్టినప్పుడు ఒక వింత తేలింది. మొత్తం కణాలు సుమారు 8,600 కోట్లు. వాటిలో సుమారు 6,900 కోట్లు ఈ చిన్న మెదడులోనే ఉన్నాయి. ప్రతి అయిదు కణాలలో నాలుగు ఇక్కడివే! ఇంత చిన్న చోటులో అన్ని కణాలు ఎలా ఇమిడాయి? అవి చాలా చిన్నవి. పైగా చిన్న మెదడు పైపొర లెక్కలేనన్ని సన్నని మడతలుగా ముడుచుకొని ఉంటుంది. ఆ మడతలన్నీ విప్పి పరిస్తే దాని వైశాల్యం పెద్ద మెదడు పైపొర వైశాల్యంలో సుమారు 80 శాతం ఉంటుందని 2020లో కొలిచి చెప్పారు.

ఇక దీని పని ఏమిటో చూద్దాం. చేయి ఎత్తమని, అడుగు వేయమని ఆజ్ఞ ఇచ్చేది పెద్ద మెదడు. ఆ ఆజ్ఞ వెన్నుపాము గుండా కండరాలకు పోతుంది. చిన్న మెదడు స్వయంగా ఇటువంటి ఆజ్ఞలు ఇవ్వదు. తాపీ మేస్త్రి గోడ కట్టడం మీరు చూచే ఉంటారు. ఇటుకలు పేర్చుతూ, మధ్య మధ్య దారానికి కట్టిన గుండును వ్రేలాడదీసి గోడ నిటారుగా వస్తున్నదా లేదా అని సరిచూస్తాడు. మన కదలికలను ఆ విధంగా సరిచూచి, వంకర వచ్చినచోట సరిదిద్దేది చిన్న మెదడు. అయితే ఒక భేదం ఉంది. మేస్త్రి ఇటుక పెట్టిన తరువాత చూస్తాడు. చిన్న మెదడు మాత్రం ఇటుక పెట్టకముందే అది ఎటు ఒరగబోతున్నదో ఊహించి చెబుతుంది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి. దీని సంగతి తరువాత వస్తుంది.

సరిచూడాలంటే వార్తలు కావాలి. చిన్న మెదడుకు అవి నాలుగు వైపులనుండి అందుతాయి. చెవి లోపలి భాగంలో అర్ధవృత్తాకారంలో మూడు గొట్టాలున్నాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనుకబడుతుంది; దానిని బట్టి తల ఎటు, ఎంత వేగంగా తిరిగిందో తెలుస్తుంది. కండరాలలోనూ కీళ్ళలోనూ ఉండే జ్ఞాననాడుల కొసలు మోకాలు ఎంత వంగింది, మడమ మీద ఎంత బరువు పడింది అనే సంగతులు చెబుతాయి. కళ్ళు చెప్పేది కళ్ళు చెబుతాయి. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పెద్ద మెదడు కండరాలకు పంపే ప్రతి ఆజ్ఞకూ ఒక నకలు చిన్న మెదడుకు కూడా పోతుంది. ఆజ్ఞ ఏమిటో, జరిగింది ఏమిటో రెండూ తెలిసినప్పుడే గదా తేడా తెలిసేది!

ఇంకొక విశేషం. పెద్ద మెదడులోని కుడి భాగం శరీరంలోని ఎడమ వైపును నడుపుతుందని మీరు చదివి ఉంటారు. చిన్న మెదడు అలా కాదు. దాని కుడి భాగం కుడి చేతినీ కుడి కాలినీ, ఎడమ భాగం ఎడమ వైపునూ చూచుకుంటుంది.

చిన్న మెదడు పని చేస్తున్నదని మీకు మీరే తెలుసుకొనే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. వీటికి ఏ పరికరమూ అక్కరలేదు.

ఈ పుస్తకాన్ని కదలకుండా పట్టుకొని, తలను ఇటూ అటూ త్వరత్వరగా ఆడిస్తూ చదవండి. అక్షరాలు తెలుస్తాయి. ఇప్పుడు తలను నిలిపి, పుస్తకాన్ని అంతే వేగంగా ఆడించండి. అక్షరాలు చెదిరిపోతాయి. తల కదిలినప్పుడు చెవిలోని గొట్టాలు ఆ వార్తను క్షణంలో అందిస్తాయి. కళ్ళు తల తిరిగిన దిక్కుకు ఎదురు దిక్కులో సరిగ్గా అంతే తిరుగుతాయి. పుస్తకం కదిలినప్పుడు చెవికి తెలిసే వార్త ఏదీ లేదు. కళ్ళు ఎంత తిరగాలో ఆ కొలతను సరిగా ఉంచడం చిన్న మెదడు పని. కొత్తగా కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లలు మొదటి రోజుల్లో నేల ఊగినట్లుందని అంటూ ఉంటారు. అద్దాల వలన పాత కొలత సరిపోక అలా జరుగుతుంది. కొన్ని రోజులలో చిన్న మెదడు కొత్త కొలత నేర్చుకుంటుంది, నేల నిలబడుతుంది.

రెండవ ప్రయోగానికి ఒక స్నేహితుడు కావాలి. మీ ఎడమ అరచేతిలో మూడు నాలుగు పుస్తకాలు పెట్టుకొని కళ్ళు మూసుకోండి. స్నేహితుణ్ణి చెప్పకుండా వాటిని తీసివేయమనండి. మీ చేయి ఒక్కసారి పైకి ఎగిరిపడుతుంది. మళ్ళీ పుస్తకాలు పెట్టుకొని ఈసారి మీ కుడిచేతితో మీరే తీయండి. ఎడమ చేయి దాదాపు కదలదు. మీ కుడిచేతికి పోయిన ఆజ్ఞను బట్టి, బరువు ఏ క్షణాన పోబోతున్నదో ముందే తెలిసింది. సరిగ్గా ఆ క్షణానికి ఎడమ చేయి తన బిగువును తగ్గించుకుంది. ఆ క్షణాన్ని అంత ఖచ్చితంగా కుదర్చడంలో చిన్న మెదడుకు పెద్ద పాత్ర ఉంది. మీ అరికాలిలో మీరే చక్కిలిగింత పెట్టుకుంటే నవ్వు రాకపోవడానికి కూడా ఇటువంటి కారణమే చెబుతారు. మీ వ్రేలు ఎక్కడ తగలబోతున్నదో చిన్న మెదడు ముందే ఊహించింది. తెలిసిన స్పర్శకు శరీరం ఉలికిపడదు.

ముందే ఊహించవలసిన అవసరం ఎందుకు వచ్చింది? కన్ను చూచిన వార్త మెదడుకు చేరి, దానికి తగిన ఆజ్ఞ కండరానికి అందేలోగా సెకనులో పదోవంతుకు పైగా గడిచిపోతుంది. ఇది చాలా తక్కువ కాలమని మీకు తోచవచ్చు. షార్జా క్రికెట్ మైదానాన్ని తలచుకోండి. 1984లో మొదటి ఆసియా కప్పు పోటీలు జరిగిన మైదానం అది. 1998 ఏప్రిల్‌లో సచిన్ తెందూల్కర్ ఆస్ట్రేలియా మీద రెండు రోజుల తేడాలో రెండు శతకాలు కొట్టినది కూడా అక్కడే. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలరు చేయి వదిలాక అర సెకను లోపే బ్యాటు దగ్గరకు వస్తుంది. బంతి ఇప్పుడు ఎక్కడున్నదో చూచి ఆడితే, బ్యాటు తిరిగేసరికి బంతి వికెట్లను చేరి ఉంటుంది. కనుక బంతి ఎక్కడికి రాబోతున్నదో అక్కడికి బ్యాటు పోవాలి. పలక మీది పనివాడూ అంతే. పలక ఒరిగిన తరువాత సర్దుకోవాలంటే ఆలస్యమవుతుంది. అందుకే అతని నడుము కండరాలు పలక ఒరగబోయే ముందే బిగుస్తాయి.

ఈ సంగతి తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది. 1809లో ఇటలీ దేశపు రోలాండో అనే శాస్త్రజ్ఞుడు, చిన్న మెదడు ఒక బ్యాటరీ వంటిదనీ, కండరాలను కదిలించే శక్తి దాని నుండే వస్తుందనీ భావించాడు. పొరలు పొరలుగా ఉండడం వలన అది ఆనాటి బ్యాటరీని పోలి ఉండడమే ఆ ఊహకు కారణం. ఫ్రాన్సు దేశపు ఫ్లూరాన్స్ 1824లో వెలువరించిన గ్రంథంలో ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చాడు. అతడు పావురాల చిన్న మెదడును కొంచెం కొంచెంగా తొలగిస్తూ వాటి ప్రవర్తనను గమనించాడు. ఈనాడు చదివేవారికి ఆ ప్రయోగం బాధ కలిగిస్తుంది. కాని అతని పరిశీలన నిశితమైనది. పావురానికి చూపు పోలేదు, వినికిడి పోలేదు. రెక్కలలో బలమూ పోలేదు. ఎగరాలని రెక్కలు కొట్టుకుంటుంది. పోయినది పొందిక మాత్రమే. ఒక రెక్కకు మరొక రెక్క తోడు రాదు, కాలికి కాలు కుదరదు. శక్తి వేరు, ఆ శక్తిని కుదురుగా వాడే నేర్పు వేరు అని శాస్త్రజ్ఞులకు ఆనాడు తెలిసింది.

ఇప్పుడు ఒక చెట్టు సంగతి చెప్పుకోవాలి. రోలాకు ఆ పేరు ఇక్కడ ఒకప్పుడు ఉండిన పెద్ద మర్రిచెట్టును బట్టి వచ్చింది. ఆ మర్రి 1978లో పోయింది. దాని జ్ఞాపకంగా రోలా చౌకులో శిల్పాన్ని నిలిపారు. చిన్న మెదడులో కూడా చెట్లున్నాయంటే మీరు నమ్ముతారా? దానిని నిలువుగా కోసి చూస్తే, బూడిదరంగు పొర నడుమ తెల్లని నాడీతంతువులు మాను, కొమ్మలు, రెమ్మలుగా చీలి అచ్చం చెట్టులా కనిపిస్తాయి. పూర్వపు వైద్యులు దీనికి లాటినులో జీవవృక్షం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే మరిన్ని చెట్లు! చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు యాన్ పుర్కిన్యే 1837లో వీటిని వర్ణించాడు. ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి వీటిని పర్కింజీ కణాలు అనడం వాడుకలో ఉంది. ఒక్కొక్క కణం పుస్తకం పుటల నడుమ పెట్టి అదిమిన చెట్టులా పలుచగా, వందలాది రెమ్మలతో ఉంటుంది.

ఆ రెమ్మల గుండా సన్నని తంతువులు, వరుసగా కట్టిన తీగల వలె సాగిపోతుంటాయి. ఒక్క పర్కింజీ కణాన్ని తాకే తంతువులు లక్షకు పైగా ఉంటాయి. చెవి, కీళ్ళు, కళ్ళు పంపిన వార్తలు, ఆజ్ఞల నకళ్ళు వీటి ద్వారా వస్తాయి. ఇవి గాక మరొక రకం తంతువు ఉంది. అది కణానికి ఒక్కటే. మర్రి మాను మీద తీగ ఎగబాకినట్లు ఆ కణాన్ని చుట్టుకొని పైకి పాకుతుంది. అది ఎక్కువగా తెచ్చే వార్త ఒకటే: అనుకొన్నది ఒకటి, జరిగినది మరొకటి అని. ఆ వార్త వచ్చిన సమయంలో ఏ సన్నని తంతువులు పని చేస్తున్నాయో వాటి పట్టు కొంత సడలుతుంది. మరుసారి ఆ పరిస్థితి వచ్చినప్పుడు కణం వేరుగా స్పందిస్తుంది. తప్పు కొంచెం తగ్గుతుంది. ఇంగ్లండుకు చెందిన డేవిడ్ మార్ 1969లో ఇటువంటి ఆలోచనను గణితంతో ప్రతిపాదించాడు. 1971లో అమెరికాకు చెందిన జేమ్స్ ఆల్బస్ అది పట్టు సడలడం ద్వారా జరగవచ్చునన్నాడు. ఆ పట్టు నిజంగా సడలుతుందని జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో బృందం 1982లో ప్రయోగపూర్వకంగా చూపింది. నేర్పు అంతా ఈ ఒక్క మార్పులోనే ఉందని అనుకోరాదు. దీనికి తోడుగా జరిగే మార్పులు మరికొన్ని బయటపడ్డాయి. కాని తప్పు జరిగితేనే చిన్న మెదడు నేర్చుకుంటుందనే మూల విషయం నిలిచే ఉంది.

సైకిలు నేర్చుకొనే పిల్లవాడు పదిసార్లు పడితే ఆ పదిసార్లూ ఆ ఎగబాకే తీగకు పని దొరికినట్లే. మొదట అతడు హ్యాండిల్ ఎటు త్రిప్పాలో ఆలోచించి త్రిప్పుతాడు. అందుకే తూలుతాడు. ఒకనాడు ఆలోచన మానేసి బజారు చూస్తూ తొక్కుతాడు. ఏమి నేర్చుకొన్నావని అడిగితే చెప్పలేడు. తొక్కుడు బిళ్ళలో ఒంటికాలి మీద గీత త్రొక్కకుండా గెంతే అమ్మాయిని అడిగినా అంతే.

ఇటువంటి నేర్పు ఎంత దూరం పోగలదో చూడాలంటే తెలుగువారికి కూచిపూడి కంటె మంచి ఉదాహరణ దొరకదు. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామం పేరుతో వెలసిన ఈ నాట్యంలో తరంగం అనే అంశం ఉంది. అందులో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలు ఆనించి నిలబడి, పళ్ళెంతో సహా కదులుతూ తాళం వేస్తుంది. కొందరు తల మీద నీటి చెంబు కూడా పెట్టుకుంటారు. పాదం క్రింద సన్నని లోహపు అంచు. అది నేల మీద జారుతుంది. తల ఏమాత్రం వంగినా నీరు తొణుకుతుంది. చేతులు ముద్రలు పట్టాలి, కళ్ళు భావం పలకాలి. అంటే కళ్ళు పాదాలకు సహాయం చేసే వీలు లేదు. అవి వేరే పనిలో ఉన్నాయి. అరికాళ్ళు, చీలమండలు, చెవులు చెప్పే వార్తలతోనే చిన్న మెదడు ఆ పళ్ళేన్ని నిలుపుతుంది. మీలో కూచిపూడి నేర్చుకొనేవారు పళ్ళెం ఎక్కడానికి ముందు అడుగులే ఎన్ని నెలలు వేశారో గుర్తు చేసుకోండి. గురువు అన్నిసార్లు అదే అడుగు వేయించడానికి కారణం కఠినత్వం మాత్రమే కాదు!

ఇంత పని చేసే అవయవానికి దెబ్బ తగిలితే ఏమవుతుంది? మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని యుద్ధ వైద్యశాలలలో పని చేసిన గార్డన్ హోమ్స్ అనే ఐర్లండు వైద్యుడు దీనిని శ్రద్ధగా పరిశీలించాడు. తల వెనుక గుండు తగిలి చిన్న మెదడు గాయపడిన సైనికులను గురించి 1917లో వ్రాశాడు. వారికి పక్షవాతం లేదు. కాని గాయమైన వైపు చేయి ముక్కును తాకబోయి చెంపను తాకుతుంది. గమ్యం దగ్గర పడేకొద్దీ వణుకుతుంది. అరచేతిని త్వరత్వరగా త్రిప్పమంటే త్రిప్పలేరు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. కుడి వైపు దెబ్బ తిన్న ఒక రోగి, తన ఎడమ చేయి తనంత తానే పని చేస్తుందనీ, కుడిచేతితో మాత్రం ప్రతి కదలికనూ ఆలోచించి చేయవలసి వస్తున్నదనీ హోమ్స్‌తో చెప్పాడు. నడకనూ నిలకడనూ నిశ్శబ్దంగా చూచుకొనే సేవకుడు పోయిన తరువాత యజమాని పడే పాట్లు ఎలా ఉంటాయో ఈ మాటను బట్టి ఊహించుకోవచ్చు. ఈనాటికీ వైద్యులు వ్రేలితో ముక్కు తాకమని, మడమకు బొటనవ్రేలు ఆనిస్తూ గీత మీద నడవమని చెప్పి పరీక్షించేది ఇందుకే.

గీత మీద నడిపించే పరీక్ష పోలీసులు కూడా చేస్తారు, తాగి బండి నడిపేవారిని పట్టుకోవడానికి. మద్యం చిన్న మెదడును త్వరగా మందగింపజేస్తుంది. తాగినవాడి తూలుడు, ముద్దమాట దాని వలన వచ్చినవే. ఇక్కడే ఒక చిక్కు ఉంది. చిన్న మెదడుకు జబ్బు చేసినవారు కూడా అదే విధంగా కాళ్ళు ఎడంగా వేసి తూలుతూ నడుస్తారు, మాట అలాగే తడబడుతుంది. జీవితంలో చుక్క ముట్టనివారిని కూడా బజారులో తాగుబోతులని నవ్వడం, అంగడివారు బయటికి పంపడం జరుగుతూ ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జబ్బులలో ఈ తూలుడు ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదురుతుంది. బడిలో అక్షరాలు వంకరగా వ్రాసే పిల్లలందరికీ జబ్బు ఉందని కాదు. కాని నిన్నటి వరకు చక్కగా నడిచిన పిల్లవాడు హఠాత్తుగా తూలితే, తలనొప్పీ వాంతులూ తోడైతే, అల్లరి చేస్తున్నాడని కేకలు వేయకుండా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి.

ఆటలమ్మ పోసిన పిల్లలలో కొద్దిమందికి పొక్కులు వచ్చిన కొన్ని రోజులకు ఇటువంటి తూలుడు కనిపిస్తుంది. తల్లిదండ్రులు చాలా భయపడతారు. వైద్యుడు చూడవలసిందే. కాని వీరిలో చాలామందికి కొన్ని వారాలలో నడక మళ్ళీ కుదుటపడుతుంది.

చైనా దేశంలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో 24 ఏళ్ళ స్త్రీ ఒకామె తల తిరుగుతున్నదని వైద్యుల దగ్గరకు వచ్చింది. తలలోని చిత్రం తీసి చూస్తే చిన్న మెదడు ఉండవలసిన చోట అది లేదు, ద్రవం మాత్రమే ఉంది. ఆమె పుట్టుకతోనే చిన్న మెదడు లేనిది. ఈ సంగతి 2014లో వైద్య పత్రికలో వెలువడింది. ఆరేళ్ళు వచ్చేవరకు ఆమె మాట ఇతరులకు తెలియలేదు. ఏడవ ఏట నడిచింది. పెద్దయ్యాక కూడా నడకలో కొంత తూలుడు, మాటలో కొంత ముద్దతనం మిగిలి ఉన్నాయి. అయినా ఆమె పెళ్ళి చేసుకొని ఒక బిడ్డకు తల్లి అయింది. చిన్న మెదడు చేయవలసిన పనిలో కొంత భాగాన్ని పెద్ద మెదడు పైపొర నెమ్మదిగా తానే చేపట్టి ఉంటుందని ఆమెను పరీక్షించిన వైద్యులు భావించారు.